వాన్ హెల్సింగ్ మూడు భాగాలూ, ఫైనల్ కట్టూ ఆడాక

రాక్షసుల వేట మీద వచ్చిన యాక్షన్ ఆర్‌పీజీలు (ఒక పాత్రను పెంచుకుంటూ పోరాడే గేములు) చాలానే ఆడాను. కొన్ని పూర్తిచేసి పక్కన పెట్టేశాను, కొన్ని సగంలోనే విసుగొచ్చి వదిలేశాను. ‘ది ఇన్‌క్రెడిబుల్ అడ్వెంచర్స్ ఆఫ్ వాన్ హెల్సింగ్’ మాత్రం కొన్నేళ్లుగా నా కంప్యూటర్‌లో అలాగే ఉంది. ఒక క్లాస్‌తో, అంటే ఒక రకం వేటగాడితో, మొదలుపెట్టి చివరిదాకా వెళ్తాను, కొన్నాళ్లు ఆగుతాను, మళ్లీ ఇంకో క్లాస్‌తో మొదలుపెడతాను. నన్ను ఇంతకాలం పట్టి ఉంచింది ఆటలో మన హీరో వెంట తిరిగే కటరీనా. ఆమె సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను, మిగతా మంచిచెడ్డలు దారిలో వస్తాయి.

బుడాపెస్ట్‌లోని నియోకోర్ గేమ్స్ తయారుచేసిన సిరీస్ ఇది. మొదటి భాగం 2013 మేలో, రెండోది 2014 మేలో, మూడోది 2015 మేలో వచ్చాయి. అదే ఏడాది నవంబర్‌లో మూడింటినీ ఒకే కథగా కలిపి ఫైనల్ కట్ పేరుతో విడుదల చేశారు. నేను అన్నీ పీసీలోనే, సింగిల్ ప్లేయర్‌లోనే ఎక్కువగా ఆడాను.

కథ చాలా మంచి చోట మొదలవుతుంది. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా నవలలో పిశాచాల పనిపట్టిన ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఉన్నాడు కదా, ఇక్కడ మనం ఆయన కొడుకుగా ఆడతాం. తండ్రి చేయాల్సిన వేటంతా చేసేశాడు. రక్తపిశాచాల పీడ వదిలిందని జనం ఊపిరి పీల్చుకునేలోపే, ఖాళీ అయిన గద్దె మీదికి పిచ్చి శాస్త్రవేత్తలు ఎక్కి కూర్చున్నారు. బొర్గోవియా అనే ఆ తూర్పు యూరప్ ఊహా రాజ్యంలో ఇప్పుడు పొగగొట్టాలు, ఆవిరి యంత్రాలు, లోహపు సైనికులు, ప్రయోగశాలల్లో పుట్టిన వికృత జీవులు. కోరల్నుంచి తప్పించుకుని ఇనుప చక్రాల కింద పడింది ఆ రాజ్యం. పిశాచాల గోతిక్, ఆవిరి యంత్రాల స్టీమ్‌పంక్ రెండూ కలిపేసి పైపైన రంగు పూసినట్టు కాకుండా, ఒకటి పోయి ఇంకొకటి రావడమే ఇక్కడ కథ. అందుకే ఈ ప్రపంచం నాకు నమ్మదగ్గదిగా అనిపిస్తుంది.

ఆ అడవుల్లో ఎదురయ్యే జీవుల్లో కూడా ఆ ప్రాంతపు వాసన ఉంది. తోడేలు మనుషులు ఎలాగూ ఉంటారు. వాళ్లతో పాటు స్లావ్‌ల జానపద కథల్లోంచి నేరుగా నడిచొచ్చిన డొమొవోయ్‌లు, విలాలు కూడా కనిపిస్తారు. ఇంటిని కనిపెట్టుకుని ఉండే బుజ్జి దేవత డొమొవోయ్. అడవుల్లో, కొండల్లో తిరిగే వనకన్య లాంటిది విలా. పాశ్చాత్య గేముల్లో చూసి చూసి అరిగిపోయిన ఆర్క్‌లు, గోబ్లిన్‌ల మధ్య వీళ్లను చూస్తే ప్రాణం లేచొస్తుంది. పోలండ్, హంగేరీ వైపు నుంచి వచ్చే గేముల్లో నాకు నచ్చేది ఇదే. తమ పక్కింటి కథల్ని వాళ్లు అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఇక కటరీనా. ఆమె దెయ్యం. బతికున్నప్పుడు ప్రభువర్గపు యువతి. ఇప్పుడు వాన్ హెల్సింగ్ వంశానికి కట్టుబడి, ముందు తండ్రితో, ఆ తర్వాత కొడుకుతో తిరుగుతోంది. ఆ కట్టుబాటు ఆమెకు ఇష్టమా, బలవంతమా అన్నది చాలాసేపు తేలదు. గొప్పింటి బిడ్డనన్న ఠీవి చచ్చిపోయినా పోలేదు. ఊరి జనాన్ని చూస్తే చిరాకు, మన హీరో ధైర్యసాహసాలంటే ఓ చిన్న నవ్వు, ప్రమాదం వచ్చినప్పుడు మాత్రం అందరికంటే ముందు ఆమే.

యాక్షన్ ఆర్‌పీజీల్లో తోడుగా వచ్చేవాళ్లు మామూలుగా మూగవాళ్లు. డయాబ్లో 2లో అద్దెకు తెచ్చుకున్న సైనికుడు చచ్చినా బతికినా మనకు బంగారం లెక్కే. టార్చ్‌లైట్ అనే గేమ్‌లో కుక్కో పిల్లో సామాను మోస్తుంది, పట్నానికెళ్లి అమ్ముకొస్తుంది, అంతే. కటరీనా ఆ పనులన్నీ చేస్తుంది. కిందపడ్డ వస్తువులు ఏరుతుంది, సంచి నిండితే పట్టుకెళ్లి అమ్మేసి వస్తుంది. దగ్గరికెళ్లి కొట్టాలా, దూరం నుంచి దాడి చేయాలా, కలబడకుండా దెయ్యం రూపంలో ఉండి మనకు బలం ఇవ్వాలా అన్నది మనం నిర్ణయించొచ్చు. ఆమెకంటూ స్కిల్ ట్రీ, అంటే ఒక్కొక్కటిగా నేర్చుకునే విద్యల పట్టిక, ఉంది. ఆమె నేర్చుకునే కొన్ని విద్యల ఫలితం మనకూ అందుతుంది. ఇదంతా వివరంగా, శ్రద్ధగా చేశారు.

కానీ ఆమె అసలు బలం నోరు. ఏ పాడుబడ్డ కోటలో అడుగుపెట్టినా, ఏ రైతు వచ్చి సాయమడిగినా ఆమె ఒక మాట అనకుండా ఉండదు, హీరో దానికి బదులు చెప్పకుండా ఉండడు. ఇద్దరూ ఎప్పట్నుంచో ఒకరినొకరు ఎరిగినవాళ్లలా మాటకు మాట అప్పజెప్పుకుంటారు. ఆ మాటలకు గొంతునిచ్చిన నటులు చాలా బాగా చేశారు. ముఖ్యంగా కటరీనా యాసలో వెటకారం, దాని కింద దాచుకున్న ఆప్యాయత రెండూ వినిపిస్తాయి. కొన్ని జోకులు సినిమాల్నీ ఇతర గేముల్నీ గుర్తుచేసేవి. అవి రెండోసారి ఆడేటప్పటికి పాతబడతాయి. ఇద్దరి మధ్య చనువు మాత్రం పాతబడదు. వేట అనేది ఒంటరి పని, గంటలకొద్దీ చీకట్లో నడవడం, చంపడం. ఆ నడకలో పక్కన ఒక గొంతు ఉండటం ఎంత తేడా తెస్తుందో ఈ గేమ్ చూపించింది. చేయాల్సిన పని (క్వెస్ట్) లేకపోయినా ఇంకో మలుపు దాకా నడిచి చూద్దాం, ఆమె ఏమంటుందో విందాం అనిపించిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. బాస్‌ను చంపిన తర్వాత వచ్చే వస్తువు కంటే వీళ్లిద్దరి మాటల కోసం ఎదురుచూడటం నేను ఇలా నరుకుతూ పోయే ఇంకే హ్యాక్ అండ్ స్లాష్ గేమ్‌లోనూ చేయలేదు.

పోరాటం గురించి. మొదటి భాగంలో మొదట ఇచ్చిన క్లాస్ హంటర్ ఒక్కటే. థామటర్జ్ అనే మాంత్రికుడు, ఆర్కేన్ మెకానిక్ తర్వాత విడిగా అమ్మిన అదనపు భాగాలు (డీఎల్‌సీలు). హంటర్ చేతిలో కత్తి ఉంటుంది, తుపాకీ ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. గుంపు మీద పడే దాకా తుపాకీతో సన్నగిల్లజేయడం, దగ్గరికొచ్చాక కత్తి దూయడం. మొదట్లో ఇది మామూలు క్లిక్ క్లిక్ గేమ్‌లాగే ఉంటుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు కూడా. అసలు రుచి రేజ్ అర్థమయ్యాక మొదలవుతుంది.

కొట్టే కొద్దీ, చంపే కొద్దీ రేజ్ పోగవుతుంది. ప్రతి ముఖ్యమైన స్కిల్ కింద దానికి తగిలించుకునే అదనపు శక్తులు ఉంటాయి: దెబ్బను పెంచేవి, ఎక్కువమందికి తగిలేలా చేసేవి, తగిలినవాడిని కాసేపు కదలనివ్వనివి, ఇలాంటివి. రేజ్ ఖర్చుపెట్టి వాటిని తర్వాతి దెబ్బకు జోడించొచ్చు. వినడానికి చిన్న విషయమే. కానీ దీనివల్ల ఒకే స్కిల్ మూడు నాలుగు రకాల ఆయుధమవుతుంది. ఒక ఉదాహరణ చెప్తాను. ఇరుకు సందులో ముందు కవచం తొడిగిన ఒక దిట్టమైన ఛాంపియన్, వాడి వెనక చిన్నాచితకా గుంపు, పక్కనుంచి దూకే రెండు తోడేలు మనుషులు. ఉన్న రేజ్ అంతా ఛాంపియన్ మీద పెట్టేస్తే తోడేళ్లు వెనకనుంచి చీల్చేస్తాయి. అందుకే మామూలు తూటాలతో గుంపును పల్చన చేస్తూ రేజ్ పెంచుకుంటాను, తోడేళ్లు దూకగానే ఆపేసే శక్తిని జోడించిన దెబ్బ ఒకటి వేస్తాను, కటరీనా వాటి మీద పడుతుంది, మిగిలిన రేజ్ మొత్తం ఛాంపియన్‌కు. ఇదంతా అయిదారు సెకన్లలో జరిగిపోతుంది. ఆ అయిదారు సెకన్లు సరిగ్గా కుదిరినప్పుడు వచ్చే తృప్తి కోసమే హార్డ్‌లో ఆడమంటాను. తేలిక స్థాయిలో రేజ్ లేకుండానే పని జరిగిపోతుంది, అప్పుడు ఈ పద్ధతి ఉన్నట్టే తెలియదు. బాడీ, డెక్స్‌టెరిటీ, విల్‌పవర్, లక్ అని నాలుగే లక్షణాలు ఉండటం వల్ల లెవెల్ పెరిగినప్పుడు లెక్కలతో తల పగలగొట్టుకోనక్కర్లేదు.

రెప్యుటేషన్ అని ఇంకోటి ఉంది. మామూలు లెవెల్‌తో సంబంధం లేకుండా, పేరున్న రాక్షసుల్ని చంపితే, క్వెస్ట్‌లు పూర్తిచేస్తే పెరుగుతుంది, దానికి పెర్క్‌లు, అంటే అదనపు బలాలు, ఇస్తారు. వేటగాడికి పేరే సంపాదన అన్న ఆలోచన ఈ కథకు చక్కగా అతికింది.

వేట మధ్యలో మనకో రహస్య స్థావరం దొరుకుతుంది. అంగడి, ఆయుధాల్ని మెరుగుపరిచే చోటు, సామాను దాచుకునే పెట్టె, ఎక్కడికైనా చేర్చే టెలిపోర్ట్, అన్నీ ఒకే గూట్లో. అప్పుడప్పుడూ శత్రువులు దాని మీదికి దండెత్తుతారు. అప్పుడు ఆట కాస్తా టవర్ డిఫెన్స్‌గా మారిపోతుంది. వాళ్లొచ్చే దారుల్లో ట్రాప్‌లు పెట్టాలి, అలలు అలలుగా వచ్చేవాళ్లను ఆపాలి. మొదటి భాగంలో ఇది నాకు భలే నచ్చింది. ఇల్లు అని ఒకటి ఉంటే దాన్ని కాపాడుకోవాల్సి రావడం సహజమే కదా. కాకపోతే ఇవి చాలాసేపు లాగుతారు. కథ ఊపు మీదున్నప్పుడు మధ్యలో ఒక స్థావర రక్షణ వచ్చిపడితే నిట్టూర్చాల్సిందే. రెండోసారి ఆడేటప్పుడు తప్పించుకోగలిగినవన్నీ తప్పించుకున్నాను.

రెండో భాగమే మూడింట్లో గొప్పది. సందేహం లేదు. మొదటి భాగం పాత్రతోనే కొనసాగించొచ్చు. కథలో జనరల్ హార్కర్ సైన్యం బొర్గోవా నగరం మీదికి వస్తుంది. అంతర్యుద్ధం. ఇప్పటిదాకా రాక్షసుల్ని వెతుక్కుంటూ తిరిగిన వేటగాడు ఉన్నట్టుండి తిరుగుబాటుదారులకు నాయకుడైపోతాడు. స్థావరంలో ఉన్న మనుషుల్ని పనుల మీద పంపాలి, వాళ్లు తెచ్చే ఫలితాలు చూసుకోవాలి. కైమెరా అనే ఒక పెద్ద జంతువు మన చేతికొస్తుంది. దాన్ని మేపాలి, వేటకు పంపాలి, అవసరమైతే పోరాటంలోకి పిలవాలి. బాధ్యత మీదపడ్డాక హీరో గొంతులో మార్పు వస్తుంది, కటరీనా ఎగతాళి కూడా కాస్త మెత్తబడుతుంది. ప్రిజనర్ సెవెన్ అనే పాత్ర ఇక్కడే బలపడుతుంది. అతని గురించి ఇంతకన్నా చెప్పను, తెలియకుండా ఆడటమే మేలు.

మూడో భాగం ఉసూరుమనిపించింది. మంచి ముగింపుకు కావాల్సినవన్నీ ఉన్నాయి: శిథిలమైన బొర్గోవియా, ఇంక్ అనే వింత లోకపు రహస్యాలు. అయినా నిడివి తక్కువ, చూసిన చోట్లే మళ్లీ చూస్తున్నామన్న భావన ఎక్కువ. అన్నిటికంటే బాధ ఏమిటంటే, రెండు భాగాలుగా పెంచుకున్న పాత్రను ఇందులోకి తీసుకురాలేం. కొత్త క్లాస్‌తో, మొదట్నుంచి మొదలుపెట్టాలి. కథలో అదే మనిషి, అదే కటరీనా, ఇన్ని యుద్ధాలు చూసినవాళ్లు. చేతిలో మాత్రం ఏమీ లేదు. కథ ఒకటి చెప్తుంటే ఆట ఇంకోటి చెప్తున్నట్టుంది. కటరీనాతో మాటలు ఇక్కడా బాగున్నాయి, అందుకే ముగింపు దాకా వెళ్లాను. మిగతాదంతా హడావిడిగా చుట్టబెట్టినట్టుంది.

క్లాస్‌ల సంగతికొస్తే మూడో భాగం మెచ్చుకోదగ్గ పని ఒకటి చేసింది. ఆరు కొత్త క్లాస్‌లు తెచ్చింది: బౌంటీ హంటర్, ప్రొటెక్టర్, ఎలిమెంటలిస్ట్, అంబ్రలిస్ట్, ఫ్లోజిస్టనీర్, కన్‌స్ట్రక్టర్. వీటిలో నా మనసు దోచింది ఫ్లోజిస్టనీర్. పెద్ద యంత్రకవచం తొడుక్కుని, బరువైన ఫిరంగితో నడిచే మనిషి. మండే ప్రతి పదార్థంలోనూ ఫ్లోజిస్టన్ అనేదొకటి ఉంటుందని, మండినప్పుడు అదే బయటికి పోతుందని 18వ శతాబ్దపు శాస్త్రవేత్తలు చాలామంది నమ్మారు. మండటానికి కారణం ఆక్సిజన్ అని ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజియే తేల్చాక ఆ సిద్ధాంతం మూలపడింది. మన లోకంలో చచ్చిపోయిన సైన్సు బొర్గోవియాలో బతికే ఉందన్నమాట, పైగా దాంతో యుద్ధం చేస్తున్నారు. స్టీమ్‌పంక్ అంటే టోపీకి నాలుగు పళ్లచక్రాలు అతికించడం కాదని తెలిసినవాళ్లే ఇలాంటి క్లాస్ రాయగలరు. ఆడటానికి కూడా బాగుంది. నెమ్మదిగా కదులుతుంది, కానీ ప్రతి దెబ్బా బరువుగా తగులుతుంది.

కన్‌స్ట్రక్టర్ యంత్రాల్ని నిలబెట్టి వాటితో కొట్టిస్తాడు, గుంపుల్ని దూరం నుంచి నడిపించడం ఇష్టమైనవాళ్లకు సరిపోతుంది. అంబ్రలిస్ట్ నీడల్లో దాక్కుని మెరుపులా కొట్టే రకం. వేగం కావాలంటే అదే. ప్రొటెక్టర్ నాకు విసుగనిపించింది.

లూట్, అంటే వేటలో దొరికే వస్తువుల, గురించి దాచేదేం లేదు, ఈ సిరీస్‌లో అన్నిటికంటే బలహీనం అదే. వస్తువులు కుప్పలుతెప్పలుగా రాలతాయి, వాటిలో పనికొచ్చేది వెతకడానికి తల ప్రాణం తోకకొస్తుంది. అర శాతం, ఒక శాతం తేడాలు చూపించే పొడవాటి జాబితాలు చదివి చదివి కళ్లు లాగుతాయి. ఒక్క వస్తువు దొరికి ఆట తీరే మారిపోవడం అన్నది చాలా అరుదు. డయాబ్లో 2లోనో గ్రిమ్ డాన్‌లోనో అలాంటిది దొరికితే ఎగిరి గంతేస్తాం, ఇక్కడ ఆ ఆనందం తక్కువ. ఎసెన్స్‌లు ఎక్కించి వస్తువును బలపరుచుకునే పద్ధతి కొంత నయం, కనీసం మన చేతిలో ఉంటుంది. నేను పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, నాసిరకం వస్తువుల్ని ఏరడం కటరీనాకే వదిలేసి, సంచి నిండగానే ఆమెను అమ్మడానికి పంపేస్తాను. పట్నానికి వచ్చినప్పుడు మాత్రమే అరుదైన వాటిని చూసుకుంటాను. వేట మధ్యలో సామాను సంచి (ఇన్వెంటరీ) తెరవను. ఇలా చేశాక ఆట వేగం ఎంతో పెరిగింది. పోగయ్యే బంగారానికి ఖర్చూ ఉంది. చనిపోతే పడిన చోటే లేవడానికి ఎక్కువ కట్టాలి, వెనక్కి వెళ్లి లేస్తే తక్కువ.

నలుగురు కలిసి ఆడే కో-ఆప్ ఉంది. పోరాటానికి బాగానే ఉంటుంది. కథ కోసం మొదటిసారి మాత్రం ఒంటరిగానే ఆడమంటాను. పక్కన స్నేహితుల మాటలు నడుస్తుంటే కటరీనా మాటలు ఎవరు వింటారు?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు విడివిడి భాగాలు ఆడాలా, ఫైనల్ కట్ ఆడాలా? ఫైనల్ కట్‌లో మూడు కథలూ ఒకే పాత్రతో సాగుతాయి, లెవెల్ 100 దాకా పెరగొచ్చు, ఆరు క్లాస్‌లూ మొదట్నుంచే ఉంటాయి. నేను పైన చెప్పుకున్న మూడో భాగం బాధ ఇందులో ఉండదు. పాత్రను రకరకాలుగా మలిచే బిల్డ్‌లతో ప్రయోగాలు చేయడం ఇష్టమైతే, కథ అయిపోయాక కూడా ఆడుతూనే ఉండాలనుకుంటే ఇదే తీసుకోండి.

అయితే ఇందులో పాత హంటర్ లేడు. తుపాకీ ఒకరికి, కత్తి ఒకరికి పంచేశారు. బౌంటీ హంటర్ దూరం నుంచి కాలుస్తాడు, ప్రొటెక్టర్ దగ్గరుండి నరుకుతాడు. రెండూ ఒక చేతిలో పట్టుకుని, క్షణానికోసారి మార్చుకుంటూ తిరిగిన ఆ మనిషే నాకు వాన్ హెల్సింగ్ కొడుకు. సందులో తోడేళ్ల సంగతి చెప్పానే, ఆ రకం పోరాటానికి హంటరే సరైనవాడు. కాబట్టి కథ కోసం, కటరీనా కోసం వచ్చేవాళ్లయితే మొదటి రెండు భాగాలూ హంటర్‌తో, హార్డ్‌లో ఆడండి. మొదట్లో ఆమెను దగ్గరికెళ్లి కొట్టే పద్ధతిలో పెట్టి దెబ్బలు ఆమెను కాయనివ్వండి. మీ దగ్గర రేజ్ శక్తులు నాలుగైదు పోగయ్యాక దూరం నుంచి కొట్టే పద్ధతికి మార్చండి, అప్పుడు ముందు వరసలో మీరే నిలబడొచ్చు. ఆ తర్వాత మూడో భాగం విడిగా కొనకుండా ఫైనల్ కట్‌లో ఫ్లోజిస్టనీర్‌తో మొదట్నుంచి మొదలుపెట్టండి. తెలిసిన కథే అయినా ఆ ఫిరంగి బరువుకు పోరాటాలన్నీ వేరేగా ఉంటాయి.